బ్రెయిలీ కథల పోటీ: అపోహలు – వాస్తవాలు

చూపు లేని పిల్లల కథల పోటీకి న్యాయనిర్ణేతలుగా వచ్చేవాళ్లలో కొందరు ప్రతి కాగితానికీ ‘పాపం’ అనుకుని మార్కులు వేస్తారు. మరికొందరు ‘అబ్బ, ఎలా రాశారో!’ అని వేస్తారు. ఈ రెండు రకాల వాళ్లూ కథ చదవలేదనే నా లెక్క.

అపోహ: బ్రెయిలీ వేరే భాష.

కాదు, లిపి. ఆరు చుక్కలు, వాటి కలయికతో 63 గుర్తులు. లూయీ బ్రెయిలీ 1824లో, తన పదిహేనో ఏట దీనికి రూపం ఇచ్చాడు. మన దేశ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీ 1951లో వచ్చింది. అందులో రాసినా తెలుగు కథ తెలుగు కథే.

అపోహ: అక్షరదోషాలు చూసీచూడనట్టు పోవాలి.

ముందు ఏది దోషమో తెలియాలి కదా! ‘ల’కు 1, 2, 3 చుక్కలు. వాటికి 4 చేరితే ‘ప’, 5 చేరితే ‘ర’, 6 చేరితే ‘వ’. ‘వాన’లో ఆరో చుక్క సరిగా దిగకపోతే ‘లాన’ అవుతుంది. అది చేతి పొరపాటు, దానికి మార్కు కోయడం అన్యాయం. ‘భాష’ను ‘బాస’ అని రాస్తే మాత్రం అది స్పెల్లింగే. పాఠాలు ఆడియోలో విని చదువుకున్న పిల్లలకు ఈ తేడా ఎవరు చెప్పాలి? మనం మాట్లాడేటప్పుడు ఒత్తులు ఎంతమందిమి పలుకుతున్నాం? ఫోన్‌లో పుస్తకాలన్నీ వినొచ్చు, ఇంకా బ్రెయిలీ ఎందుకు అనేవారికి జవాబు ఇక్కడే ఉంది. ‘అమ్మ’ రాయాలంటే అ, ఆపైన నాలుగో చుక్క, తర్వాత రెండు ‘మ’లు. ఒత్తు ఉందని వేలికి తెలియాల్సిందే.

ఇంకో సంగతి. బ్రెయిలీ స్లేటులో కాగితం బిగించి స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు చుక్కలు పొడుస్తూ పోవాలి, కాగితం తిరగేసి ఎడమ నుంచి కుడికి చదవాలి. మధ్యలో ఒక వాక్యం ఇరికిద్దామంటే చోటుండదు, పేజీ మొత్తం మళ్లీ రాయాలి. కాబట్టి దయతో వేసే మార్కులకన్నా శుద్ధప్రతి రాసుకునేందుకు అదనపు సమయం ఇవ్వడం నయం.

అపోహ: చూపు లేని పిల్లలు రంగులు, దృశ్యాలు రాశారంటే అవి అరువు తెచ్చుకున్నవే.

ఈ అనుమానం ఒక పిల్లను ఎంత నలిపిందో చూడండి. 1891లో, చూపూ వినికిడీ లేని పదకొండేళ్ల హెలెన్ కెల్లర్ ‘ది ఫ్రాస్ట్ కింగ్’ అనే కథను బ్రెయిలీ స్లేటు మీద రాసి, పర్కిన్స్ అంధుల పాఠశాల డైరెక్టర్ మైకేల్ అనాగ్నోస్‌కు పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చు వేయించాడు. అది మార్గరెట్ కాన్బీ రాసిన ‘ది ఫ్రాస్ట్ ఫెయిరీస్’ను పోలి ఉందని తర్వాత బయటపడింది. ఎప్పుడో ఎవరో ఆ కథను కెల్లర్ చేతిలో వేళ్లతో అక్షరాలుగా చెప్పారు, ఆ సంగతి ఆమె మరిచిపోయింది. ఎనిమిది మంది విచారణకు కూర్చున్నారు. టీచర్ ఆన్ సలివాన్‌ను గదిలోంచి పంపేసి పిల్లకు ప్రశ్నలు వేశారు. పోలిక నిజమే, కాదనను. కానీ చూపున్న పిల్లలు చందమామ కథను తిరగరాసి తెస్తే మనం విచారణ సంఘం వేస్తామా? రాసేటప్పుడు ‘ఈ మాట నాదేనా’ అన్న భయం కెల్లర్‌ను చాలాకాలం వదల్లేదు.

రంగుల మాటకొస్తే, మాటలన్నీ మనకు మనుషుల నోటి నుంచే వస్తాయి. పుట్టుకతోనే చూపు లేని ఒక పాపను ‘పైకి చూడు’ అంటే చేతులు పైకి చాచిందని బార్బరా లాండౌ, లైలా గ్లైట్‌మన్ 1985లో వచ్చిన తమ పుస్తకంలో రాశారు. కళ్లకు గంతలు కట్టిన చూపున్న పిల్లలు తల ఎత్తారు. అంటే ‘చూడటం’ ఆ పాపకు చేతుల్లో ఉంది. కథలో ‘నేను చూశాను’ అని ఉంటే దాన్ని తప్పుగా దిద్దకండి. అలాగని శబ్దాలు, వాసనలే రాయాలని కోరడమూ తగదు. ‘సూర్యుడు ఎర్రగా ఉదయించాడు’ అరిగిపోయిన వాక్యమే. అరిగిపోయినందుకు మార్కు తీయండి, ఎరుపు రాసినందుకు కాదు.

అపోహ: మామూలు అక్షరాల్లోకి ఎత్తి రాయించుకుంటే సరిపోతుంది.

ఎత్తి రాసే మాస్టారు మంచి మనసుతో రెండు వాక్యాలు సరిచేశారనుకోండి, బహుమతి మాస్టారికే. దిద్దకుండా ఎత్తమని ముందే చెప్పాలి. న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు అసలు కాగితాన్ని వేళ్లతో చదవగలిగినవారు ఉండాలి. పేరాలు ఎక్కడ విడగొట్టారో, ఏ మాటను కొట్టేసి మళ్లీ రాశారో వాళ్లకే దొరుకుతుంది. అలాంటివారు కావాలంటే అంధుల పాఠశాలల్లో పనిచేస్తున్న చూపు లేని తెలుగు టీచర్లను పిలవండి, ముఖ్య అతిథిగా కాదు, మార్కులు వేయడానికి.