నేలపట్టు చెరువు - దాని పక్షులు

నెల్లూరు తీరమున, పులికాట్ సరస్సు చేరువలో, దొరవారిసత్రము వద్ద నేలపట్టు గ్రామము కలదు. 2022 నుండి ఇది తిరుపతి జిల్లాలోనిది. ఇచ్చటి చెరువు 1976లో పక్షుల సంరక్షణ కేంద్రమైనది. జంతుప్రదర్శనశాలలో ప్రాణులను మనుష్యులు తెచ్చి యుంచుదురు. నేలపట్టులో అట్లు గాదు. ఏ పక్షి రావలయునో, ఎన్నాళ్లుండవలయునో నీరే నిర్ణయించును.

ఈశాన్య ఋతుపవనముల వానలకు చెరువు నిండగనే, నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు కూడ చేరును. చుట్టును నీరుండుటచే పిల్లి, నక్క వంటి శత్రువులు గూటిని సమీపింపజాలవు.

గూడబాతు గ్రుడ్లు పొదుగుటకు సుమారు 30 దినములు పట్టును. పిల్లలు గూటివద్ద 3 నుండి 5 నెలలుండును. పెద్దపక్షులు చేపలను పట్టి తెచ్చును. పిల్లలు వాని ముక్కు క్రింది సంచిలో తల దూర్చి తినును. కావున కనీసము 4 నెలలు చెరువులో నీరు నిలువవలెను. వానలు తప్పి చెరువు ముందే ఎండినచో గూళ్లు పాడువడును.

పక్షుల రెట్టలు నీటిలో కలిసి పొలములకు ఎరువగును. విద్యార్థులు డిసెంబరులో నొకసారి, మే నెలలో నొకసారి పోయి, కనబడిన పక్షుల పట్టికలు వ్రాసి పోల్చిచూతురుగాక! చెరువును కాపాడుటయే పక్షులను కాపాడుటయని వారికి తెలియును.