ఎర్రబడిన చెరకు గడలో కారకమేది? శిలీంద్రాల గుర్తింపు

చెరకు తోటలో పై నుంచి మూడో, నాలుగో ఆకు పసుపుబారి అంచులు ఎండుతున్నప్పుడు రైతు గడను చీల్చి చూస్తాడు. లోపల ఎరుపు కనిపించగానే ఎర్రకుళ్ళు తెగులని తీర్మానించడం పరిపాటి. అయితే ఆ ఎరుపు శిలీంద్రానిది కాదు. సంక్రమణకు ప్రతిస్పందనగా గడ కణజాలమే ఆ వర్ణకాలను ఉత్పత్తి చేస్తుంది. పురుగు తొలిచినచోటా, వడలు తెగులు సోకిన గడలోనూ ఎరుపు ఉంటుంది. కనుక రంగు అనుమానానికి ఆధారమే గాని నిర్ధారణకు చాలదు.

గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళును 1901లోనే బార్బర్ నమోదు చేశారు. దీని కారకం కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. నిలువుగా చీల్చిన గడలో ఎరుపు నడుమ అడ్డంగా తెల్లని మచ్చలు, పులిసిన సారాయి వాసన దీని ప్రత్యేక లక్షణాలు. ఫ్యుజేరియం శాకరి కలిగించే వడలు తెగులులో ఈ అడ్డ మచ్చలుండవు; కణజాలం మట్టి ఎరుపుకు తిరిగి, కణుపుల మధ్య పడవ ఆకారపు బోలు ఏర్పడి, గడ తేలికవుతుంది. ఒకే గడలో రెండూ ఉండవచ్చు, చిక్కంతా అక్కడే. కాటుక తెగులుకు మొవ్వు నుంచి వెలువడే నల్లని కొరడా, అనాస తెగులుకు ముచ్చె కోసినప్పుడు వచ్చే అనాసపండు వాసన చాలావరకు పొలంలోనే సాక్ష్యమిస్తాయి.

ప్రయోగశాలలో ఎక్కువగా జరిగే పొరపాటు బాగా కుళ్ళిన భాగం నుంచి ముక్క తీయడం. అక్కడ మృతకణజాలంపై పెరిగే ఇతర శిలీంద్రాలే ముందుగా వర్ధనాన్ని ఆక్రమిస్తాయి. ఆరోగ్యవంతమైన భాగానికీ ఎర్రబడిన భాగానికీ మధ్యనున్న అంచు నుంచి చిన్న ముక్కలు తీసి, సోడియం హైపోక్లోరైట్‌తో ఉపరితలాన్ని శుద్ధి చేసి, శుద్ధజలంతో కడిగి, ఓట్‌మీల్ అగార్‌పై ఉంచాలి. కొడవలిలా వంగిన, అడ్డుగోడలు లేని ఏకకణ సిద్ధబీజాలు కొల్లెటోట్రైకమ్‌వి. ఫ్యుజేరియం స్థూల సిద్ధబీజాలు కూడా కొంత వంగి ఉండడం వల్ల విద్యార్థులు తడబడతారు. వాటిలో అడ్డుగోడలుంటాయి, సాధారణంగా అండాకారపు సూక్ష్మ సిద్ధబీజాలూ కనిపిస్తాయి.

శిలీంద్రం పేరు తెలిసినంత మాత్రాన పని ముగియదు. వేరుచేసిన శుద్ధ వర్ధనాన్ని ఆరోగ్యవంతమైన గడలోకి ఎక్కించి, అవే లక్షణాలు వచ్చాక తిరిగి వేరుచేసి చూడాలి. అన్నింటికంటే కష్టమైనది తెగను గుర్తించడం. 2009లో విడుదలై ఉత్తర భారతంలో విస్తరించిన కో 0238 రకం, ఆ తరువాతి దశాబ్దంలో సి.ఎఫ్. 13 అనే కొత్త తెగకు లొంగిపోయింది. సిద్ధబీజాల ఆకారం చూసి తెగను చెప్పలేము. ఎంపిక చేసిన భేదక రకాలపై ప్రతిచర్యను పరిశీలించవలసిందే.

ఈ నిర్ధారణపైనే రైతు నిర్ణయం ఆధారపడుతుంది. ఎర్రకుళ్ళయితే ఆ తోట ముచ్చెలు విత్తనానికి పనికిరావు, కార్శి ఉంచరాదు, రకం మార్చవలసి రావచ్చు. వడలు తెగులయితే నీటి ఎద్దడి, మురుగు నిల్వ, వేరు పురుగుల వంటి తోడ్పడే కారణాలనూ వెదకాలి. అందుచేత అనుమానమున్న నమూనాను వేళ్లతో సహా పూర్తి గడగా, పాలిథిన్ సంచిలో చెమర్చనీయక కాగితంలో చుట్టి, ఆలస్యం లేకుండా ప్రయోగశాలకు చేర్చాలి. రకం పేరు, మొక్క తోటా కార్శి తోటా అన్న వివరం చీటీపై రాయాలి.