పడిపోయిన మాను మీది జీవులు

తొలకరి వానలు కురిసిన పిమ్మట చిట్టడవిలో పడియున్న మానును పరికించినచో మూడు తెగల జీవులు కానవచ్చును. గొడుగువలెను చెవివలెను పొడుచుకొని వచ్చినవి శిలీంధ్రములు. బెరడునంటి బూడిద రంగు పొలుసులవలె నుండునవి లైకెనులు. తడిచెక్కపై పసుపు పూసినట్లు జిగటగా ప్రాకునది జిగురుబూజు. పూర్వము శాస్త్రజ్ఞులు మూడింటిని వృక్షశాస్త్రములోనే చేర్చిరి. నిజమునకు వీనిలో ఏదియు మొక్క కాదు. ఆహారము సంపాదించుకొను తీరులో మూడును వేరు వేరు.

శిలీంధ్రములకు పత్రహరితము లేదు. కావున ఎండ సాయముతో ఆహారము తయారుచేసుకొనజాలవు. మనకు కనిపించు గొడుగు, చెట్టుకు కాయ వంటిది మాత్రమే. అసలు జీవి చెక్కలోపల సన్నని దారముల అల్లికగా వ్యాపించియుండును. ఆ దారములు స్రవించు ఎంజైములు చెక్కను కరగించును. కరగిన సారమును దారములే పీల్చుకొనును. కఱ్ఱకు గట్టిదనమిచ్చు లిగ్నిన్ అను పదార్థమును విచ్ఛిన్నము చేయుటలో కొన్ని శిలీంధ్రములదే పైచేయి. ఇవి లేనిచో రాలిన కొమ్మలు గుట్టలుగా పేరుకొనును. వానిలోని లవణములు మరల నేలకు చేరవు.

చెదపుట్టలపై మొలచు పుట్టగొడుగుల కథ మరింత చిత్రమైనది. చెదలు ఎండుటాకులను, పుల్లలను తిని, తమ మలముతో పుట్టలోపల స్పంజివంటి దిమ్మెలు కట్టి, వానిపై శిలీంధ్రమును పెంచును. అది మెత్తపరచిన దిమ్మెలను మరల తినును. వానలు పడగానే ఆ శిలీంధ్రమే పొడవైన కాడతో నేలను చీల్చుకొని పైకి వచ్చును. అయితే తినదగిన పుట్టగొడుగులను పోలిన విషజాతులును కలవు. వెండి నల్లబడునా అని చూచుట వంటి పరీక్షలు నమ్మదగినవి కావు. కొన్ని విషములు ఎంత వండినను పోవు. నిశ్చయముగా గుర్తింపనిదానిని తినరాదు.

లైకెన్ ఒక జీవి కాదు, ఒక కాపురము. శిలీంధ్రము ఇల్లు కట్టి తేమను నిలుపును. దాని దారముల నడుమనున్న శైవలములు ఎండలో ఆహారము తయారుచేయును. 1860 దశకములో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ ఈ సంగతి చెప్పగా తోటివారు పలువురు అంగీకరింపలేదు. మసాలాలో వేయు రాతిపువ్వు లైకెనే. పెక్కు జాతులు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. వేళ్ళు లేనందున వాననుండి, గాలినుండి వచ్చినదంతయు పీల్చుకొనును. గాలిలోని గంధకపు పొగ వీనిలో అనేక జాతులను చంపును. లైకెనులనుబట్టి గాలి మంచిచెడ్డలు తెలియునని 1866లోనే పారిస్ నగరమును పరిశీలించి విలియం నైలాండర్ సూచించెను.

జిగురుబూజు పేరుకే బూజు. అది అమీబాకు చుట్టము. అరచేతియంత వెడల్పుగా పరచుకొన్నను అది ఒకే కణము. లోపల వేలకొలది కేంద్రకములుండును. మెల్లగా ప్రాకుచు బాక్టీరియాను, శిలీంధ్రబీజములను చుట్టి మ్రింగును. ఆహారము తరిగినప్పుడు చిన్న తిత్తులు నిలిపి, సిద్ధబీజములను గాలికి వదలును. దీనికి మెదడు లేదు. అయినను 2000లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని చిక్కుదారుల నడుమ పెంచి రెండు కొసల ఓట్ల గింజల నుంచగా, దగ్గరి దారిని మాత్రమే నిలుపుకొని తక్కినవానిని విడిచెను.

పడిన మానునెల్ల వంటచెరకుకై ఏరివేసినచో ఈ మూడు తెగలకును ఆశ్రయము తప్పును. కుళ్ళి మెత్తబడిన చెక్క పొయ్యిలో సరిగా మండదు. అడవిలోనే విడిచినచో అది రేపటి చెట్లకు ఎరువగును.