స్నూకర్ ఆడితే మెడ పట్టేస్తోందా?

శుక్రవారం రాత్రి. మాదాపూర్‌లో మా ఆఫీసు పక్క సందులో ఉన్న స్నూకర్ పార్లర్. ఆఖరి బ్లాక్ బాల్ పడితే గేమ్ నాదే. వంగి, గడ్డం క్యూకి ఆనించి, తలెత్తి చూశా. అంతే, మెడ వెనక సూదితో పొడిచినట్టయింది. బాల్ పడలేదు సరికదా, మర్నాడు బైక్ మీద వెనక్కి తిరిగి చూద్దామంటే మెడే కదల్లేదు. 28 ఏళ్లకే ఇదేం గోల!

అమ్మకి ఫోన్ చేస్తే "దిండు తీసేసి పడుకోరా" అంది. ఫ్రెండ్ స్ప్రే కొట్టాడు. రెండు వారాలు ఆట మానేస్తే తగ్గింది. మళ్లీ క్యూ పట్టానో లేదో, మూడో గేమ్‌కే నొప్పి హాజరు. ఇక ఆట మానేయాల్సిందేనా అనుకుంటూ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్లా. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు: "రెస్ట్‌తో నొప్పి తగ్గుతుంది, మెడకి బలం రాదు కదండీ."

అసలేం జరుగుతోంది?

స్నూకర్ టేబుల్ పొడవు 12 అడుగులు, ఎత్తు 3 అడుగుల్లోపే. షాట్ కొట్టాలంటే ఛాతీ టేబుల్ దాకా దించాలి, చూపు మాత్రం అవతలి చివరికి వెళ్లాలి. అంటే ఒళ్లు కిందికి, మెడ వెనక్కి. తల బరువు 4 నుంచి 5 కిలోలు. దాన్ని మెడ వెనక కండరాలు మోస్తాయి, వెన్నుపూసల కీళ్లు నొక్కుకుంటాయి. ఒక షాట్‌కి కొన్ని సెకన్లే, కానీ రెండు గంటల ఆటలో ఎన్నిసార్లు వంగుతామో లెక్కేసుకోండి. పైగా పగలంతా ల్యాప్‌టాప్ ముందు తల వాల్చేసి కూర్చునే బతుకులు మనవి!

ఇది మనలాంటి వాళ్ల బాధే కాదు. 2002 ప్రపంచ చాంపియన్ పీటర్ ఎబ్డన్ 2020లో ప్రొఫెషనల్ ఆటకి గుడ్‌బై చెప్పింది మెడ సమస్యతోనే.

రోజుకి 10 నిమిషాలు చాలు

గడ్డం లోపలికి: గోడకి ఆనుకుని నిలబడి, చూపు నేరుగా ఉంచి, డబుల్ చిన్ వచ్చేలా గడ్డాన్ని వెనక్కి లాగండి. 5 సెకన్లు, 10 సార్లు. మెడ ముందు వైపు లోపలి కండరాలకి ఇదే అసలు మందు.

చేత్తో పోటీ: అరచేయి నుదుటి మీద పెట్టి, తలతో మెల్లగా నెట్టండి. తల మాత్రం కదలకూడదు. తర్వాత తల వెనక, రెండు పక్కలా ఇలాగే. ఒక్కో వైపు 5 సెకన్లు, 5 సార్లు.

రెక్కలు దగ్గరికి: భుజాలు పైకెత్తకుండా, వీపు మీది రెక్క ఎముకల్ని దగ్గరికి తీసుకురండి. 10 సార్లు.

గుమ్మం సాగతీత: మోచేతులు గుమ్మానికి రెండు పక్కలా ఆనించి ఒక అడుగు ముందుకేయండి. ఛాతీ సాగుతుంది. 20 సెకన్లు, 3 సార్లు.

ఏది చేసినా నొప్పి పెరిగితే ఆపేయండి.

టేబుల్ దగ్గర

కిందికి వంగేది నడుము, తుంటి దగ్గర్నుంచి. కాళ్లు ఇంకాస్త ఎడంగా పెడితే మెడ మీద భారం తగ్గుతుంది. అవతలివాడు ఆడుతున్నప్పుడు ఫోన్‌లోకి తల దూర్చకుండా నిలబడి భుజాలు తిప్పండి. కళ్లజోడు ఉంటే ఫ్రేమ్ పై అంచు అడ్డొచ్చి తల ఇంకా ఎత్తాల్సొస్తుంది. 1985 ప్రపంచ చాంపియన్ డెనిస్ టేలర్ పెట్టుకున్న ఆ వింత పెద్ద కళ్లజోడు వెనక కథ కూడా ఇదే. ఆటకి కాంటాక్ట్ లెన్సులు కూడా ఓ దారి.

ఒక్క మాట. నొప్పి చేతిలోకి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నడక తూలినా, దెబ్బ తగిలాక మొదలైనా, జ్వరం తోడైనా కసరత్తులు పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లండి.

నాకు తేడా తెలియడానికి ఆరు వారాలు పట్టింది. మధ్యలో బద్ధకించిన రోజులూ ఉన్నాయి, మెడ వెంటనే గుర్తుచేసేది. ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు హాయిగా ఆడుతున్నా. బ్లాక్ బాల్ ఇప్పటికీ మిస్సవుతూనే ఉంది. కాకపోతే ఆ నెపం మెడ మీదకి నెట్టే చాన్స్ పోయింది!