కుండీలో ఒక్క మొక్కే గదా!



గంజాయి అనగానే మనకు విశాఖ మన్యము గుర్తుకు వస్తుంది. కొండవాలు తోటలు, చీకట్లో కదిలే లారీలు, పత్రికల్లో వచ్చే ఫొటోలు. ఇదంతా మనకు దూరాన జరిగే సంగతి అనుకుంటాము. కానీ ఆ మొక్క కొండ దిగి చాలా కాలమైంది. పట్నంలో ఫ్లాటు గదిలో, బాల్కనీ కుండీలో, పల్లెలో పెరటి మూలన కూడ పెరుగుతున్నది. మన ప్యాపిలి హైదరాబాదు, బెంగుళూరు మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. మన పిల్లలు చదువుకు, పనికి ఎక్కువగా ఈ రెండు పట్టణాలకే పోతారు, పండుగకు ఇంటికి వస్తారు. అక్కడ నేర్చినది ఇక్కడికి రాదని ఎవరు చెప్పగలరు? అందుచేత ఈ నెల ఈ సంగతిని ఇంటిల్లిపాది కలిసి చదవవలెనని కోరుచున్నాము.

ఇంటిలోపల సాగు

2017 మార్చిలో హైదరాబాదు శివారు మణికొండలో ఒక అపార్టుమెంటు ఫ్లాటులో 40 కుండీలలో గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. ఎండకు బదులు ప్రత్యేకమైన దీపాలు, చల్లదనానికి యంత్రాలు పెట్టుకున్నాడు. పక్క ఫ్లాటువారికి అది మామూలు సంసారుల ఇల్లే. 2023 జూన్‌లో కర్ణాటకలోని శివమొగ్గలో అద్దె ఇంట్లో ఇదే పని చేస్తూ దొరికినవారు వైద్య విద్యార్థులు. 2024 నవంబరులో బెంగుళూరులో ఒక జంట బాల్కనీలోని పూలకుండీలలో గంజాయి మొక్కలు పెంచారు. మొక్కల ఫొటోలు ఫేస్‌బుక్కులో పెట్టడంతో సంగతి బయటపడింది.

వీరెవరూ అడవిలో దాగిన దొంగలు కారు. చదువుకున్నవారు, సంసారులు. "నా ఇంట్లో నా కుండీ, ఎవరికి నష్టము?" అనే ఆలోచనే ఇటువంటివారిని పట్టుకుంటుంది. మన పిల్లల నోటినుండి వచ్చే మాట కూడ అదే.

చట్టము ఏమి చెప్పుచున్నది?

ఒకప్పుడు బ్రిటీషు ప్రభుత్వము లైసెన్సు మీద గంజాయి అమ్మించి పన్ను వసూలు చేసేది. ఆ కాలపు మాటలు విన్న పెద్దలు కొందరు "పశువుల మందుకు ఒకటి రెండు చెట్లుంటే తప్పేమి?" అంటారు. ఆ కాలము పోయింది. 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టము ప్రకారము అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడమే నేరము. పొలమా, పెరడా, పడకగదా అన్న తేడా లేదు. పూత వచ్చిందా రాలేదా, అమ్మినాడా లేదా అన్న ప్రశ్న కూడ లేదు.

శిక్షలు పోల్చి చూడండి. ఒక కిలో లోపు గంజాయి దగ్గర ఉంచుకుంటే 1 సంవత్సరము వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొక్కను పెంచితే 10 సంవత్సరాల వరకు కఠిన కారాగారము, దానితోపాటు 1 లక్ష రూపాయల వరకు జరిమానా. "కొనడంకంటె ఇంట్లో పెంచుకోవడమే మేలు" అని లెక్క వేసే యౌవనస్థుడు చిన్న నేరములోనుండి పెద్ద నేరములోనికి నడుచుచున్నాడని తెలిసికొనవలెను.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు గమనించవలెను. తెలిసి కూడ తన ఇంటిని ఇటువంటి పనికి వాడుకోనిచ్చిన యజమాని శిక్షకు పాత్రుడు. తన భూమిలో ఈ మొక్క పెరుగుతున్నదని తెలిసినవాడు వెంటనే అధికారులకు తెలియజేయవలెను. తెలిసి ఊరకుంటే అది కూడ నేరమే. కొడుకు మీది ప్రేమతో మౌనముగా ఉన్న తల్లి, తెలియకుండానే తానూ కేసులో నిలుచుచున్నది.

గోగా, గంజాయా?

"ఏమి నాయనా ఈ చెట్టు?" అని అడిగితే "పూలచెట్టులేమ్మా" అని జవాబు వస్తుంది. మన ప్రాంతములో గోగు తెలియని ఇల్లు లేదు. ఈ రెంటి ఆకు చేతివేళ్లవలె చీలి, అంచున రంపపు పళ్లతో ఒకదాన్నొకటి పోలి ఉంటుంది. గోగుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోని "కన్నాబినస్" అన్న మాటకు గంజాయివంటిదని అర్థము. కాని తేడాలున్నవి. గోగు ఆకు చీలికలు మొదటి దగ్గర కలిసి ఉంటవి, గంజాయి ఆకులో ప్రతి రెక్కా కాడదాకా విడిపోయి ఉంటుంది. గోగు ఆకు పులుపు, పువ్వు పెద్దది, లేత పసుపు రంగులో నడుమ ముదురు ఎరుపు. గంజాయికి అటువంటి పువ్వు రాదు, కొసలలో జిగురు పట్టిన గుత్తులు వస్తవి, ఘాటైన వాసన కొడుతుంది. మత్తు ఎక్కువగా ఉండేది ఆడ మొక్క పూగుత్తులలోనే. ఆ వాసన దాచడానికే అగరుబత్తులు, ఎప్పుడూ మూసిన తలుపులు. వీటికితోడు ఉన్నట్టుండి కరెంటు బిల్లు పెరిగితే ఇంటివారు అడిగి తెలిసికొనవలెను.

సాకులు మూడు

మొదటిది, "విదేశాలలో తప్పు లేదు" అన్న మాట. కెనడాలో 2018 అక్టోబరు నుండి చాలా రాష్ట్రాలలో ఇంటికి 4 మొక్కల వరకు, జర్మనీలో 2024 ఏప్రిల్ నుండి వయోజనునికి 3 మొక్కల వరకు పెంచుకోవచ్చునన్నది నిజమే. కాని 2022లో సడలించిన థాయిలాండు 2025లో వైద్యుని చీటీ ఉంటేనే పూత అమ్మవలెనని మరల బిగించింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అనుమతించినా కేంద్ర చట్టము ఒప్పదు. అక్కడ చదివే మన పిల్లలకు ఈ అలవాటు వీసాకు, పౌరసత్వానికి అడ్డు రాగలదు. ఏది ఎట్లున్నా, ప్యాపిలిలో పెరిగే మొక్కకు ప్యాపిలిలో ఉన్న చట్టమే వర్తిస్తుంది.

రెండవది, "అప్పు తీరుతుంది" అన్న ఆశ. వర్షము మీద ఆధారపడి వేరుశనగ, ఆముదము, కంది వేసే రైతుకు "కంది సాళ్ల నడుమ నాలుగు మొక్కలు పెట్టు, నేను కొంటాను" అనే దళారి మాట తియ్యగా ఉంటుంది. మన్యములో జరిగినదేమి? బయటివారు ముందుగా డబ్బిచ్చి సాగు చేయించారు. 2021లో పోలీసులు "పరివర్తన" పేరుతో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి కాల్చివేశారు. పంట పోయేది, కేసు పడేది కొండమీది గిరిజనునికి. డబ్బు పెట్టినవాడు దూరాన ఉంటాడు.

మూడవది, "ఇది ఆకే గదా, సారాయి కాదు గదా" అన్నది. మనిషి మెదడు ఇరువది ఏండ్లు దాటినా ఎదుగుతూనే ఉంటుంది. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ పీల్చేవారికి జ్ఞాపకశక్తి, చదువు మీద ధ్యాస తగ్గుతవి. కొందరికి లేనిపోని అనుమానాలు, ఎవరో పిలిచినట్టు వినబడడం వంటి మతిభ్రమ వస్తుంది. మానివేసిన తొలి రోజులలో నిద్ర పట్టదు, అన్నము సయించదు, చిరాకు ఎక్కువ. దీనిని గాలి సోకిందనుకొని తాయెత్తులకు పోవద్దు. ఇది వైద్యము చేయించవలసిన జబ్బు.

ఇంట్లో కనబడితే ఏమి చేయవలెను?

మొదట కేకలు వేయక, కొట్టక, బిడ్డను కూర్చోబెట్టి అడగండి. తాను పీలుస్తున్నాడా, ఎవరికోసమైనా పెంచుతున్నాడా అన్నది తెలిసికొనండి. మొక్కను పొరుగింటికి మార్చడం, ఎవరికైనా ఇవ్వడం చేయవద్దు. అది నేరాన్ని పెంచుతుంది. ఆలస్యము చేయక న్యాయవాదిని కలిసి, ఆయన సలహాతో అధికారులకు తెలియజేయండి. స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు, పేదలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా సహాయము చేస్తుంది, ఫోను 15100. పద్దెనిమిదేండ్లు నిండని బిడ్డ అయితే విచారణ బాల న్యాయ మండలి ముందుకు వస్తుంది.

చట్టము ఒక తలుపు తెరిచే ఉంచింది. వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే, వాడకము, కొద్దిపాటి సరుకు విషయములో విచారణనుండి మినహాయింపు ఉన్నది. పెంచిన నేరానికి ఆ మినహాయింపు లేదు. కాబట్టి కుండీ దాకా పోకముందే చికిత్సకు పంపడం మేలు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగమున్నది. వ్యసన విముక్తి సలహాకు 14446, మన రాష్ట్రములో గంజాయి సమాచారము తెలుపుటకు 1972.

సంఘస్తులకు ఒక మాట. ఇటువంటి కుటుంబము మన మధ్య ఉంటే గుసగుసలు మానుదము. తప్పిపోయిన కుమారుని కథలో గుమ్మము బయట నిలిచి అలిగిన అన్న పాత్ర మనకు వద్దు. ఆస్పత్రికి పోవుటకు తోడు లేని తల్లికి తోడుపోదాము, బస్సు చార్జీ లేకపోతే ఇద్దాము. తిరిగి వచ్చిన బిడ్డకు చేయడానికి ఒక పని చూపిద్దాము. ఈ నెలలోనే మీ పిల్లలతో ఒక సాయంకాలము కూర్చుని, ఈ పుట ముందు పెట్టుకొని మాట్లాడండి. మొక్క పెరిగిన తరువాతకంటె ముందే మాట్లాడడం సులువు.