మంట ఆరింది, సీసం మిగిలింది

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లో నోట్ర డామ్ చర్చి తగలబడుతుంటే ప్రపంచమంతా టీవీల్లో చూసింది. దూలాలు కాలడం, శిఖరం కూలడం అందరి కంటా పడ్డాయి. కంటికి ఆనని నష్టం మరొకటి ఉంది. ఆ పైకప్పుకీ శిఖరానికీ తొడిగిన సీసపు రేకులు 400 టన్నులకు పైమాటే. సీసం 327 డిగ్రీల వేడికే కరుగుతుంది. అందులో ఎక్కువ భాగం కరిగి కిందికి కారి గడ్డకట్టింది. కొంత మాత్రం సన్నని ధూళిగా మారి, పసుపు రంగు పొగతో కలిసి గాలివాటున ఊరిమీదకు సాగిపోయింది. చారిత్రక కట్టడం కాలినప్పుడు రాళ్లను నిలబెట్టే పని ఎంత తొందరో, చుట్టుపక్కల ఇళ్లలో, బడుల్లో ఆ ధూళిని కొలిచి జనానికి చెప్పడమూ అంతే తొందర. పారిస్ అనుభవం నేర్పే పాఠం ఇదే.

ధూళిలో కలిసిన సీసం కంటికి ఆనదు, వాసనా తెలియదు. అది ఒంట్లో చేరితే కాల్షియం దారిలోనే నడిచి ఎముకల్లో ఏళ్ల తరబడి నిలవుంటుంది. పెద్దవాళ్లకంటే పసిపిల్లల పేగులు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. పైగా నేలమీద పాకేదీ, చేతులు నోట్లో పెట్టుకునేదీ వాళ్లే. ఎదిగే మెదడుకు దానివల్ల కలిగే హాని మళ్లీ పూడదు. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయినా ఇళ్లలో తడిగుడ్డతో తుడుచుకోండని అధికారులు చుట్టుపక్కలవారికి సలహా ఇచ్చేసరికి దాదాపు రెండు వారాలు గడిచాయి. శుభ్రపరిచే కూలీల రక్షణ చాలడం లేదని చర్చిలో పనులు ఆపేసింది జూలై నెలాఖరులో. పిల్లల వేసవి కార్యక్రమాలు నడుస్తున్న బడిని ధూళి కారణంగా మూసేసిందీ అప్పుడే. మధ్యలో మూడు నెలలు పిల్లలు అలాంటి ఆవరణల్లోనే ఆడుకున్నారు. కిలోమీటరు పరిధిలో దాదాపు ఒక టన్ను సీసం రాలి ఉంటుందని మట్టి నమూనాలు పరీక్షించిన కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో అంచనా వేశారు.

దీనికి ఎదురు వాదనలున్నాయి. గోడల పాత రంగుల వల్ల, ఒకప్పటి సీసం కలిపిన పెట్రోలు వల్ల పారిస్ వీధుల్లో సీసం ముందే ఉందనీ, ఏది ఎక్కడిదో తేల్చలేమనీ కొందరంటారు. ముందే ఉన్నదానికి మరికొంత తోడైతే జాగ్రత్త పెరగాలే తప్ప తగ్గకూడదు. పరీక్ష చేయించుకున్న పిల్లల్లో అత్యధికుల రక్తంలో సీసం, లీటరుకు 50 మైక్రోగ్రాములన్న ఫ్రాన్సు హద్దుకు దిగువనే ఉందని మరికొందరు గుర్తుచేస్తారు. అది నిజమే, సంతోషించదగినదే. కానీ ఆ సంగతి పరీక్షలు చేశాకే తెలిసింది. ముందుగా చెబితే జనం బెంబేలెత్తుతారన్నది మూడో మాట. జనాన్ని భయపెట్టేది లెక్క కాదు, లెక్క దాచారన్న అనుమానం. సలహా ఆలస్యమైన కొద్దీ తల్లిదండ్రుల్లో ఆ అనుమానమే ముదిరింది.

ధూళిని కొలిచి చెప్పే ఈ పనికి భారీ ఖర్చు అక్కర్లేదు. ఎక్కడ సీసం ఉందో పురాతన కట్టడాల పటాల్లో ముందే రాసి ఉంచాలి. మంటలు ఆరిన మర్నాడే బడులు, ఆటస్థలాలు, గాలివాటున ఉన్న ఇళ్లలో ధూళి నమూనాలు తీయాలి. చీపురుతో ఊడిస్తే ధూళి మళ్లీ లేస్తుంది, తడిగుడ్డే వాడాలని అదే రోజు చెప్పాలి. గర్భిణులకూ చిన్నపిల్లలకూ రక్తపరీక్ష ఉచితంగా చేయాలి. సీసం కప్పుల్లోనే కాదు, రంగుల్లోనూ ఉంటుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) హద్దు మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. అంతకుముందు రంగులు పూసిన పాత భవనాలు మనకూ ఉన్నాయి కనుక ఈ జాగ్రత్త మనకూ వర్తిస్తుంది. నోట్ర డామ్‌కు మళ్లీ సీసపు కప్పే వేసి 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు. పాతరూపును నిలుపుకునే హక్కు ఆ నగరానికుంది. ఆ హక్కుతోపాటే, మరోసారి నిప్పంటుకుంటే పిల్లలను ఎలా కాపాడాలన్న సిద్ధమైన ప్రణాళిక కూడా ఉండాలి. అదీ కట్టడం సంరక్షణలో భాగమే.