పాత లోగిళ్ళలో పులి తలలు



పాతకాలపు పెద్ద లోగిళ్ళలో హాలు గోడమీద కొమ్ముల జింక తలో, నోరు తెరిచిన చిరుత తలో, గాజు బీరువాలో రెక్కలు విప్పిన కొంగో ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. తాతగారి కాలంలో వేటాడి తెచ్చినవి. తాతగారు పోయారు, తుపాకీ పోయింది, ఇవి మాత్రం మిగిలాయి. ఇంట్లో దుమ్ము దులిపేది మనమే కనుక వీటి పని కూడా మన నెత్తినే పడుతుంది. పండగ ముందు చీపురుతో నాలుగు దెబ్బలు వేసి, తడిగుడ్డతో తుడిచి, ముక్కుమీద ఇంత కొబ్బరినూనె రాసి మెరిపిస్తాం. ఈ మూడూ చెయ్యకూడనివే. ఎందుకంటారా, చెబుతాను.

ముందు ఆ బొమ్మ లోపల ఏముందో తెలియాలి. "పులిని స్టఫ్ చేశారు" అంటాం గానీ, లోపల పులి లేదు. చర్మం ఒలిచి, పదును చేసి, తయారుగా ఉంచుకున్న ఆకారం మీద తొడిగి కుట్టు కనపడకుండా కుడతారు. కళ్ళు గాజువి. నాలుక, చిగుళ్ళు మైనంతోనో ప్లాస్టరుతోనో చేసి రంగు వేసినవి. మన దక్షిణదేశంలో ఈ పనికి పేరుమోసింది మైసూరులోని వాన్ ఇంజెన్ కుటుంబం. 1900 ప్రాంతంలో మొదలుపెట్టి 1999 దాకా నడిపారు. మన అమ్మమ్మలు కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, గంపలకు పూసేవారు చూడండి, ఇంచుమించు అలాంటి కాగితపు గుజ్జునే వాళ్ళు అచ్చుల్లో వేసి పులి ఆకారాలు తీసేవారు. పులులూ చిరుతలూ కలిపి 40,000 పైచిలుకు వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళాయట. పనితనం మెచ్చుకోవలసిందే. కానీ ఆ అంకె వింటే, అడవులు ఖాళీ అవక ఏమవుతాయి అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. చర్మాన్ని పురుగు పట్టకుండా లోపలివైపు పాషాణం పూసేవారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులోని మెట్జ్ అనే ఊళ్ళో బెకూర్ అనే ఆయన మందులు నూరే వృత్తి చేసేవాడు. పాషాణం, సబ్బు, కర్పూరం, సున్నం వగైరాలు కలిపి ఆయన ఒక ముద్ద తయారుచేశాడు. బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక అది బయటపడి దేశదేశాలకూ పాకింది. 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం వాడారు. అందుచేత 1980కి ముందు చేసిన ఏ బొమ్మనైనా పాషాణం ఉన్నదిగానే చూడాలి. కళ్ళచుట్టూ, చెవుల మొదట్లో, పాదాల దగ్గర, కుట్టు వెంబడి తెల్లటి పొడి కనిపిస్తే అనుమానం మరీ గట్టిపడుతుంది. కనిపించకపోయినా లేదని కాదు. వందేళ్ళు గడిచాయి కదా, దాని బలం తగ్గిపోయి ఉంటుందిలే అనుకోవద్దు. పాషాణం ఇంగువ కాదు, డబ్బాలో పాతబడి ఘాటు పోవడానికి.

చీపురుతో కొడితే ఆ పొడి గాలిలోకి లేస్తుంది, మనం పీలుస్తాం. కింద పడ్డదాన్ని పాకే పిల్లవాడు చేత్తో తడిమి నోట్లో పెట్టుకుంటాడు. మామూలు వాక్యూమ్ క్లీనరు ఇంకా ప్రమాదం. ముందునుంచి పీల్చిన సన్నటి పొడిని వెనకనుంచి గదంతా చిమ్ముతుంది. మ్యూజియం వాళ్ళు హెపా ఫిల్టరు ఉన్నదే వాడతారు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తటి బ్రష్షుతో వెంట్రుక పడుకున్న వైపుగా దువ్వుతూ, లేచిన దుమ్మును ఆ గొట్టంలోకి పోనిస్తారు. ఆ సరంజామా లేనివాళ్ళు ముట్టకుండా ఉండటమే మంచిది. పనిమనిషి చేత దులిపించడం అసలే తగదు, ఆమె ఊపిరితిత్తులూ మనవంటివే కదా.

తడిగుడ్డ ఎందుకు వద్దంటే, పాత చర్మం నీరు తగిలితే ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. లోపలి ఆకారం మాత్రం ముడుచుకోదు. దాంతో పెదవుల దగ్గర, కళ్ళ దగ్గర పగుళ్ళు. గాజు కళ్ళను మాత్రం కాస్త చెమ్మ చేసిన దూదిపుల్లతో అద్దవచ్చు. నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది, కొన్నాళ్ళకు మక్కువాసన కూడా.

ఇంత పాషాణం ఉన్నా పురుగు పడుతుందా అంటే పడుతుంది. విషం పూసింది చర్మం లోపలికి, పురుగు తినేది పైనున్న బొచ్చును, ఈకలను. నువ్వుగింజంత పెంకుపురుగు గుడ్లు పెడితే, గోధుమరంగు బొచ్చు పిల్లలు తయారవుతాయి. కింద కుబుసాలు, పొడి రాలడం, వెంట్రుకలు కుచ్చులుగా ఊడటం దాని గుర్తులు. అలాంటిదాన్ని వెంటనే పాలిథీను సంచిలో గాలి చొరకుండా చుట్టి మిగతావాటికి దూరంగా పెట్టాలి. మ్యూజియం వాళ్ళు ఆ చుట్టినదాన్ని సున్నాకు 20 డిగ్రీల దిగువన రెండు వారాలు గడ్డకట్టిస్తారు. తీశాక మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పరు, విప్పితే చెమ్మ పడుతుంది. మన వంటింటి ఫ్రిజ్‌లో పెట్టే ఆలోచన మాత్రం ఎవరూ చెయ్యకండి, తల్లీ! కలరా ఉండలు వేయడం కూడా ఇప్పుడు మ్యూజియాలు మానుకున్నాయి.

ఎండ తగిలి వెలిసిపోయినవాటికి తలరంగు వేస్తే సరిపోదా అని ఒకావిడ అడిగారు. తలరంగు వేశాక కడగాలి, వీటిని కడగలేం. న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1942 నాటి జంతువుల హాలును బాగుచేసి 2012లో మళ్ళీ తెరిచారు. అక్కడ ఎలుగులు, అడవిదున్నలు వెలిసిపోతే నీళ్ళతో పని లేకుండా, స్పిరిటులో కరిగే రంగులను సన్నటి తుంపరగా చల్లారు. పగుళ్ళు పూడ్చడానికి గోడ పుట్టీ, రాయిలా గట్టిపడే జిగుర్లు పనికిరావు. సన్నటి జపాను కాగితం, తర్వాత కావాలంటే ఊడివచ్చే జిగురు వాడతారు. అన్నిటికంటే చవకైన వైద్యం ఒకటుంది. ఎండ పడని గోడకు మార్చడం.

వద్దనుకుంటే పెరట్లో తగలబెట్టకండి, పాషాణం పొగై ఊపిరిలోకి పోతుంది. అమ్మబోతే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులి, చిరుత వంటి వాటి తలకూ తోలుకూ యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. పత్రం లేనివాళ్ళు చెప్పుకోవడానికి 2003లో 180 రోజుల గడువిచ్చారు. తాతగారి నుంచి వారసత్వంగా వస్తే 90 రోజుల్లో అటవీశాఖకు తెలియజేయాలి. పత్రం ఉన్నవాళ్ళు ఇక ఉంచుకోలేమనుకుంటే, 2022 సవరణ ప్రకారం ప్రభుత్వానికి అప్పగించవచ్చు, డబ్బేమీ రాదు. అప్పగించేటప్పుడు బొమ్మ వెనక అంటించిన పాత చీటీని పీకేయకండి. ఏ అడవి, ఏ సంవత్సరం అని అందులో రాసి ఉంటే, చదువుకునేవాళ్ళకు తలకంటే ఆ చీటీయే విలువైనది.